కుడి కాలి కొలత

వాతావరణ కేంద్రం, దీవి
సెప్టెంబరు 6

వదినా,

ఇక్కడ చేరి మూడు వారాలైంది. వచ్చిన రోజే రాద్దామనుకున్నాను గానీ, ఉత్తరాలు తీసుకెళ్ళే పడవ మూడు వారాలకోసారే వస్తుందని దిగాక తెలిసింది. కేంద్రంలో ముగ్గురమే ఉంటాం. రేడియో ఉంది, కానీ అందులో గాలి వేగం, వాన లెక్క తప్ప సొంత మాట ఒక్కటి పోనివ్వరు. ఈ నాలుగు నెలలూ మన మధ్య కాగితాలే మాట్లాడాలి.

కుక్క నీ గడప తొక్కితే పుట్టింటికి పోతానన్నదానివి, నేను బయల్దేరిన రోజు వాడి మెడకి కట్టిన బారెడు తాడు నా చేతిలోంచి తీసుకున్నావు. ఎందుకని అడగలేదు. అడిగితే తిరిగి ఇచ్చేస్తావేమోనని భయం. కుక్కల పరుగుపందేల మైదానం మూసేశాక నాకు దొరికిన పని ఇదొక్కటే, ఇక్కడికి కుక్కని రానివ్వరు.

కంగారులో సగం చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. వాడు కళ్ళు సగం తెరిచే నిద్రపోతాడు. మెలకువగా ఉన్నాడనుకుని తాకకు, ముందు పేరు పెట్టి పిలువు. పక్కటెముకల్లో చివరి రెండూ పైకి కనిపిస్తూ ఉండాలి. గ్రేహౌండ్ జాతి పరుగు కుక్కల ఒళ్ళే అంత, జాలిపడి ఎక్కువ పెట్టకు. తిన్నాక గంట సేపు పరుగులు వద్దు, కడుపు మెలిపడితే ప్రాణం మీదికి వస్తుంది. ఒంట్లో కొవ్వు లేదు, చర్మం కాగితమంత పల్చన, చలి మనకంటే ముందు వాడికి తెలుస్తుంది. పళ్ళు రోజూ తోమాలి. బయట తాడు మాత్రం ఎక్కడా విప్పకు. పిల్లి కనబడితే వాడు నీ మాటా వినడు, దేవుడి మాటా వినడు.

ఇంకొక్కటి అడుగుతాను, నవ్వకు. ఫోటోలు వద్దు. మైదానంలో ఆరేళ్ళు కుక్కల కాళ్ళు పట్టిన దాన్ని, నేను వాణ్ణి చేతులతో చూశాను తప్ప కళ్ళతో తక్కువ. నీ టేపుతో కొలిచి కొలతలు రాసి పంపు. అవి చదువుకుంటే వాడు నా చేతుల కింద ఉన్నట్టుంటుంది.

నీ
మరదలు


కుట్టు షాపు, కటింగు బల్ల మీంచి
సెప్టెంబరు 17

అమ్మాయీ,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "నా గురించి ఒక్క ముక్కా రాయలేదా" అని అడిగారు. లేదని చెప్పాను. ఆయన గురకకి గాలి వేగం కొలవమని రాద్దునా అంటే లేచి వెళ్ళిపోయారు.

నీ రాకుమారుడికి మెట్లెక్కడం రాదు. ఈ ముక్క ఎందుకు చెప్పలేదు? మేడ మెట్ల ముందు నిలబడి, ఇదేం వింత అన్నట్టు నా మొహం చూశాడు. ముప్ఫై కిలోల శాల్తీని మీ అన్నయ్య ఒకసారి ఎత్తుకుని ఎక్కించి, నడుం పట్టుకుని రెండు రోజులు పడుకున్నారు. ఇక లాభం లేదని పక్క కిందికే దింపించాం. ఇప్పుడు షాపే మా పడకగది. మేడ మీద ఎవరూ ఉండట్లేదు, బట్టల బీరువా తప్ప.

చెప్పుల రిపేరు ముసలాయన వాడి పక్కటెముకలు చూసి, "మీ ఇంట్లో మీ ఆయనొక్కరే తింటారా అమ్మా" అన్నాడు. మీ అన్నయ్య పొట్ట చూశాకే ఆ మాట అన్నాడని నా అనుమానం. పళ్ళు తోముతున్నాను. కొత్త బ్రష్షు అనుకుని మీ అన్నయ్యది వాడేశాను, నాలుగు రోజుల దాకా ఇద్దరికీ తెలియలేదు. నువ్వు ఎక్కడా అనకు.

చలికి పైజమా కుట్టాను. మెడ నుంచి తోక దాకా, నాలుగు కాళ్ళూ వేరువేరుగా. నీలం గీతల ఫ్లానెల్ గుడ్డ. వేసుకుని రోడ్డు మీద నడిస్తే జైలు నుంచి పారిపోయిన దొరలా ఉన్నాడు.

కొలతలు రాసుకో. మెడ పదిహేను. ఛాతీ ముప్ఫై. నడుము ఇరవై. వీపు పొడవు ఇరవై ఎనిమిది. ముందు కాళ్ళు మణికట్టు పైన కుడి ఐదు, ఎడమ ఐదు. రెండూ ఒకటే కదా అనకు, నేను ఎవరికైనా కుడీ ఎడమా విడివిడిగానే కొలుస్తాను. ఏ మనిషికీ రెండు చేతులూ ఒక్కలా ఉండవు. వీడికున్నాయి, అదీ విచిత్రం.

కుక్కంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. అది మాత్రం గుర్తుపెట్టుకో.

వదిన


వాతావరణ కేంద్రం, దీవి
అక్టోబరు 18

వదినా,

నీ ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోయింది, అన్నిసార్లు చదివాను. జైలు నుంచి పారిపోయిన దొర దగ్గర ప్రతిసారీ నవ్వొస్తుంది, నవ్వాక ఏడుపొస్తుంది.

ఛాతీ ముప్ఫై అన్నావు కదా. ముప్ఫై అంగుళాల తాడు కోసి గుండ్రంగా ముడేశాను. దాన్ని రెండు చేతులతో పట్టుకుంటే లోపల వాడి గుండె ఎక్కడ కొట్టుకుంటుందో తెలుస్తుంది. వర్షమాపకం చూసుకునే పెద్దాయన నన్ను చూసి ఏమీ అడగలేదు. ఈ దీవిలో ఎవరి పిచ్చి వాళ్ళకుంది.

ఇక్కడ పని కష్టమేం కాదు. మూడు గంటలకోసారి మేడెక్కి మబ్బులు చూసి రాయాలి. మిగతా పొద్దంతా గాలి. నేను బాగా తింటున్నాను, దిగులు పడకు.

వాడు గుమ్మం దగ్గర పడుకుంటున్నాడా? నేను మైదానం నుంచి వచ్చేవేళకి మా గదిలో అలాగే పడుకునేవాడు, ముక్కు తలుపు సందులో పెట్టి. అదొక్కటి రాయి. సాయంత్రాలు ఆ తలుపే గుర్తొస్తోంది.

మరదలు


కుట్టు షాపు
అక్టోబరు 29

అమ్మాయీ,

పడుకుంటున్నాడు. గుమ్మం దగ్గరే. ముక్కు సందులోనే. సరేనా?

దసరా సెలవులై ఇక్కడ బళ్ళు తెరిచారు, పిల్లల యూనిఫారాలతో ఊపిరి ఆడట్లేదు. మీ అన్నయ్య గుండీలు కుడుతున్నారు. చొక్కాకి ఆరు గుండీలైతే అయిదు కాజాలకి సరిపోతాయి, ఆరోది ఎటో చూస్తుంది. దొరగారు ముళ్ళ కంచెకి ఆనుకుని పైజమా చింపుకున్నాడు, చర్మం కూడా ఒక గీత గీరుకుంది. పశువుల డాక్టరమ్మ రెండు కుట్లు వేసింది. నా కుట్టు ఇంతకంటే సన్నగా ఉంటుందని అందామనుకుని ఊరుకున్నాను.

కొత్తది కుట్టడానికి మళ్ళీ కొలిచాను. మెడ పదిహేను, ఛాతీ ముప్ఫై, నడుము ఇరవైకి నూలుపోగు తక్కువ. ముందు కాళ్ళు కుడి ఐదున్నర, ఎడమ ఐదు. టేపు సాగిపోయినట్టుంది, ఇరవయ్యేళ్ళ నాటిది, మార్చాలి. ఒక్కోరోజు పొద్దున్నే ఆ కుడి కాలు కాస్త కుంటుతాడు, రెండడుగులు వేశాక మామూలైపోతాడు. నేనూ మిషను మీంచి లేస్తే అలాగే నడుస్తాను, ఇద్దరం పాతబడుతున్నాం.

నీ కొలతలు కూడా పంపు. ఆ గాలికి మంచి కోటు కుడతాను. అక్కడ టేపు లేకపోతే తాడుతో కొలిచి స్కేలు మీద పెట్టు, నీకు తాళ్ళు కోయడం వచ్చుగా.

వదిన


రేవు మెట్ల మీద
నవంబరు 8

వదినా,

పడవ సరుకు దించే గంటలో రాస్తున్నాను. అక్షరాలు ఎలా ఉన్నా చదువు.

టేపు సాగలేదు. సాగిన టేపు కొలత తక్కువ చూపిస్తుంది గానీ ఎక్కువ చూపించదు, అది నాకంటే నీకే తెలుసు. పైగా అదే టేపుతో ఎడమ కాలు ఐదే ఉంది. కుడి మణికట్టు పైన అర అంగుళం పెరిగింది, ఆ కాలే కుంటుతున్నాడు. పెద్ద జాతి కుక్కలకి, ముఖ్యంగా వీటికి, సరిగ్గా అక్కడ ఎముకలో ఒక జబ్బు వస్తుంది. దాని పేరు రాయను. నేను పొరబడి ఉంటే నన్ను తిట్టు.

ఉత్తరం అందిన రోజే తీసుకెళ్ళు. బెణికిందని మాత్రలిస్తే పుచ్చుకుని వచ్చేయకు, ఎక్స్‌రే తీసేదాకా కదలకు. కాలుతో పాటు ఛాతీ కూడా తీయమను. రక్తపరీక్ష చేస్తే వీళ్ళ లెక్కలు వేరే కుక్కల లెక్కలకి సరిపోవు, ఎర్రకణాలు ఎక్కువుంటాయి, అది వీటికి మామూలే. మత్తు ఇవ్వాల్సి వస్తే గ్రేహౌండ్‌కి ఏ మందు పడుతుందో చూసి ఇవ్వమను. కోత పెడితే రెండో రోజో మూడో రోజో ఉన్నట్టుండి రక్తం కారొచ్చు, దానికి ముందే మందుంది, గుర్తుచెయ్యి.

పిలుస్తున్నారు. నేను రాలేను. బదులు మనిషి వస్తే తప్ప ఇక్కడి నుంచి కదలనివ్వరు. వదినా, వాడి దగ్గర నువ్వున్నావు. అంతే అనుకుంటున్నాను.


జంతువుల ఆసుపత్రి, వరండా బెంచీ
నవంబరు 21

అమ్మాయీ,

నిన్ను తిట్టే అదృష్టం నాకు లేకపోయింది. నువ్వు పొరబడలేదు.

నీ ఉత్తరం అందిన రోజే షాపు మూసి తీసుకొచ్చాం. డాక్టరమ్మ ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించింది. ఎముక చెదపట్టిన కర్రలా ఉంది. ఊపిరితిత్తుల్లోకి ఇంకా పోలేదట. రెండే దారులు చెప్పింది. కాలు తీసేసి, తర్వాత మూడు వారాలకోసారి మందు ఎక్కిస్తే ఏడాది బతకొచ్చు, ఇంకా ఎక్కువైతే మన భాగ్యం. లేదంటే నొప్పికి మాత్రలు వేసుకుంటూ, ఎముక విరిగే దాకా కొన్ని వారాలు. ఇంకో పది రోజులు ఆలోచిస్తే మొదటి దారి మూసుకుపోతుందంది.

ముందు నుయ్యి వెనక గొయ్యి. నిన్ను అడిగి జవాబు తెప్పించుకోవాలంటే మూడు వారాలు. పరుగు కోసమే పుట్టినదాని కాలు తీయమనడానికి నేనెవర్ని? పుట్టి బుద్ధెరిగాక ఇంత పెద్ద బట్ట మీద కత్తెర పెట్టలేదు. మీ అన్నయ్యని అడిగితే "నువ్వెలా అంటే అలా" అన్నారు, అని గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన గుండీలు కుట్టడానికే గానీ ఇలాంటివాటికి పనికిరారు.

ఆ రోజు వాడి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. కుక్కలతో మాట్లాడే అలవాటు నాకు లేదు. ఊరికే కూర్చున్నాను. వాడు ఆ నొప్పి కాలే ఎత్తి నా ఒళ్ళో పెట్టాడు, చూడు అన్నట్టు. అప్పుడు నిశ్చయించుకున్నాను. తప్పో ఒప్పో నాది.

నువ్వు చెప్పినవన్నీ కాగితం మీద రాసి డాక్టరమ్మ చేతిలో పెట్టాను, మత్తు సంగతి, రక్తం సంగతి. ఇవన్నీ ఎవరు చెప్పారని అడిగింది. మా మరదలు అన్నాను, గర్వంగానే అన్నాను.

ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసేదాకా నన్నే చూస్తున్నాడు. ఫలితం తెలిశాక రాద్దామంటే తపాలా సంచి ఇంకో అరగంటలో కట్టేస్తారు, పడవకి అందదు. ఏమీ తెలియకుండానే ఈ ఉత్తరం వేస్తున్నాను. నన్ను క్షమించు.

వదిన


వాతావరణ కేంద్రం, దీవి
నవంబరు 29

వదినా,

కెరటాలు పెద్దవిగా ఉన్నాయని పడవ సాయంత్రం దాకా ఆగింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

నువ్వు చేసింది ఒప్పే. ముందు అది రాయాలి. నేనుంటే అదే చేసేదాన్ని, కానీ అంత త్వరగా చేసేదాన్ని కాదేమో. ఇంకో మూడు వారాలు వాడు ఉన్నాడో లేడో తెలియకుండా ఉండాలి. ఆ ముప్ఫై అంగుళాల తాడు చేతిలోకి తీసుకోవాలంటే భయంగా ఉంది.

నీకో మాట చెప్పలేదు. అందరూ నన్ను దయగలదాన్నంటారు, దెబ్బ తగిలి బయటికి తోసేసిన కుక్కని ఇంటికి తెచ్చుకుందని. వాడి చివరి పందెం పొద్దున కాళ్ళు పట్టింది నేనే. కుడి మణికట్టు దగ్గర నా బొటనవేలికి వేడి తగిలింది. శిక్షకుడు వచ్చి, "ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. "బాగున్నాడు" అన్నాను. ఆ రోజు వాడి నాలుగో నంబరే గెలుస్తుందని అందరూ ఎదురుచూస్తున్నారు, ఆ సంబరం నా నోటితో పాడుచేయలేకపోయాను. రెండో మలుపులో ఆ కాలే మడతపడి కూలిపోయాడు. అక్కడి నుంచి నేను ఎత్తుకొచ్చింది నా అబద్ధాన్ని. దాన్నే మూడేళ్ళు ముద్దుచేశాను. ఇప్పుడు జబ్బు కూడా అదే కాలికి, అదే చోట వచ్చింది. ఊరికే వచ్చిందా?

వచ్చే నెలతో నా గడువు అయిపోతుంది. ఇంకో ఏడాది ఉంటావా అంటున్నారు. వచ్చే పడవలో బదులు మనిషి వస్తాడు, నేను సంతకం పెడితే అతన్ని వెనక్కి పంపేస్తారు. పెడదామనుకుంటున్నాను. వాడు బతికుంటే నీ దగ్గరే బాగుంటాడు. లేకపోతే ఆ ఇంటికి రావడానికి నాకు కాళ్ళు రావు.

కోటు కొలతలు అడిగావు. మెడ పన్నెండున్నర, భుజాలు పద్నాలుగు, ఛాతీ ముప్ఫై రెండు, నడుము ఇరవై అయిదు, చెయ్యి పొడవు ఇరవై రెండు. నేను బాగానే తింటున్నాను.

మరదలు


కుట్టు షాపు, మిషను పక్కన
డిసెంబరు 9

అమ్మాయీ,

బతికాడు. ఈ ఒక్క ముక్క చదివి, కాసేపు ఏడ్చుకుని, తర్వాత మిగతాది చదువు.

రెండో రోజు నువ్వన్నట్టే కట్టు తడిసింది. మందు ముందే వేసి ఉంచారు గనక ఆగింది. ఆ కాగితం రాసి ఉండకపోతే ఏమయ్యేదో తెలియదని డాక్టరమ్మే అంది. అయిదో రోజు తనంతట తనే లేచాడు. మొదట పక్కకి ఒరిగిపోయాడు, మీ అన్నయ్య పరుగెత్తబోతే చెయ్యి పట్టి ఆపాను. తర్వాత మూడు కాళ్ళనీ ముక్కాలి పీటలా సర్దుకుని నిలబడ్డాడు. నిన్న వీధి చివరి దాకా వచ్చాడు. పిల్లిని చూసి మూడు కాళ్ళ మీద ఒక ఊపు ఊపేసరికి నా భుజం పట్టేసింది. మందు ఒక విడత ఎక్కించారు, రెండు రోజులు తిండి మానేసి మళ్ళీ మొదలుపెట్టాడు.

నీ సంగతి డాక్టరమ్మని అడిగాను, నీ పేరు చెప్పకుండా. ఈ జాతికి ఈ జబ్బు ఎక్కువట, ఎందుకొస్తుందో ఖాయంగా ఎవరూ చెప్పలేరట. పాత దెబ్బ వల్ల కాదని కూడా ఆమె ఒట్టు వేయలేదు. కాబట్టి నేనూ వేయను. నువ్వు ఆ రోజు అబద్ధం చెప్పావు, అది తప్పే. కానీ తప్పు చేసినవాళ్ళు దూరంగా వెళ్ళి కూర్చుంటే తప్పు తరగదు, ఇక్కడ మందు పట్టేవాళ్ళు ఒకరు తగ్గుతారు, అంతే.

నేనూ ఒక అబద్ధం చెప్పాను. వాడు గుమ్మం దగ్గర పడుకోవట్లేదు. మొదటి నెలంతా పడుకున్నాడు. తర్వాత మెల్లగా జరిగి జరిగి నా మిషను కిందికి వచ్చాడు, నా పాదం మీద గడ్డం పెట్టి. నువ్వు అడిగిన రోజున అది రాయడానికి చెయ్యాడలేదు. నీ కుక్కని దొంగిలించినట్టు అనిపించింది. ఇష్టం లేదని రాశాను చూడు, అదీ అబద్ధమే.

ఇక నీ కొలతలు. కొలత పుస్తకంలో నీ పేజీ తీశాను. వెళ్ళే ముందు కుట్టిన జాకెట్టుకి ఛాతీ ముప్ఫై అయిదు, నడుము ఇరవై తొమ్మిది, మెడ పదమూడున్నర. నాలుగు నెలల్లో నడుము నాలుగంగుళాలు పోయింది. బాగా తింటున్నానని రెండు ఉత్తరాల్లో రాశావు. టేపు సాగిందని నేనంటే నువ్వు నమ్మలేదు, నేనెందుకు నమ్మాలి? పక్కటెముకల్లో చివరి రెండూ కనిపిస్తున్నాయా? నువ్వు గ్రేహౌండ్‌వి కావు.

ఈ కొలతలకి కోటు కుట్టను. పాత కొలతలకి కుడుతున్నాను, అది నీకు సరిపోయేదాకా ఇక్కడే కూర్చుని తినాలి. వాడి కొత్త పైజమాకి నాలుగో కాలు గుడ్డ మిగిలితే నీ కోటు జేబుల లోపల వేశాను. చెయ్యి పెట్టుకుంటే వెచ్చగా ఉంటుంది.

సంతకం పెట్టకు. ఏడాదని డాక్టరమ్మ అంది. ఆ ఏడాది వాడిది, నువ్వు మబ్బులు లెక్కపెట్టడానికి కాదు.

నీ గురించి బెంగగా ఉంది. ఇన్నాళ్ళూ వాడి కొలతల చాటున రాశాను, ఇవాళ తిన్నగా రాస్తున్నాను. వచ్చెయ్.

వదిన


రేవు మెట్ల మీద
డిసెంబరు 20

వదినా,

బతికాడు అన్న ముక్క దగ్గర ఆగమన్నావు, ఆగాను. పెద్దాయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, అంత చెడ్డ వార్తా అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను.

బదులు మనిషికి గాలి పుస్తకం అప్పగించాను. సంతకం పెట్టలేదు. ఈ ఉత్తరమూ నేనూ ఒకే పడవలో వస్తున్నాం. తపాలా మనిషి నాకంటే ముందు వస్తే చదువు, నేనే ముందొస్తే చదవకు, నా మొహం చూడు చాలు.

వాడు నీ పాదం మీద గడ్డం పెడుతున్నాడని చదివి కాసేపు నొచ్చుకున్నాను, దాచను. తర్వాత సంతోషించాను. రెండూ నిజమే. నన్ను మర్చిపోయి ఉంటే నువ్వు వాణ్ణి ఏమీ అనకు. మూడు కాళ్ళు చాలని నేర్చుకున్నవాడికి ఇద్దరు మనుషులు ఎక్కువ కావచ్చు. నేను మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెడతాను, పళ్ళు తోముతాను, మందు పడతాను. ఆ కాలు ఉన్న చోట నా చెయ్యి పెట్టనిస్తే పెడతాను, లేకపోతే లేదు.

ఒక్కటే కోరిక. నేను తలుపు కొట్టినప్పుడు నువ్వు మిషను దగ్గర నుంచి లేవకు, అన్నయ్యని కూడా లేవనివ్వకు. వాడి పేరు నేనే పిలుస్తాను. వాడు ముక్కాలి పీట సర్దుకుని, లేచి, గుమ్మం దాకా వచ్చాక అప్పుడు తలుపు తియ్యండి. ఎంతసేపైనా ఫరవాలేదు, నేను బయట నిలబడి ఉంటాను.

మరదలు